దుప్పటికి అటు చివర రష్యన్ అక్క

మొన్న రెజైనాలో మా పేట లైబ్రరీవాళ్లు పాత పుస్తకాలు తీసేస్తూ గుమ్మం దగ్గర బల్లమీద పేర్చి పెడితే, వాటిలో ఒక రష్యన్ వాచకం కనబడి, చేతిలో సంచీ కింద పెట్టేసి అక్కడే నిలబడిపోయాను.

ఈ కెనడా వచ్చిన కొత్తలో నేను ఒక ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేదాన్ని. పెద్ద దుప్పట్లు మడవడానికి ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని, ఎదురెదురుగా నడిచి వచ్చి, ఒకరి కొసలు మరొకరి చేతిలో పెట్టాలి. నా జత ఒక రష్యన్ ఆవిడ. నాకన్నా పదేళ్లు పెద్ద కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని; అర్థం చెప్పాక ఆ పిలుపు ఆమెకూ నచ్చింది. ఆమె కోసమే లైబ్రరీ నుంచి అలాంటి వాచకం తెచ్చుకుని, బస్సులో వల్లె వేసి, వచ్చిన నాలుగు ముక్కలూ రోజూ ఆమె మీదే ప్రయోగించేదాన్ని. మావారు "ఏమండోయ్ పండితులవారూ, కాఫీ రష్యన్‌లో పెడతారా, తెలుగులో పెడతారా?" అని ఆటపట్టించినా నా గర్వం తగ్గేది కాదు.

అక్క తన చెల్లెల్ని ఇక్కడికి రప్పించుకోవాలని వీసాకి రెండోసారి అప్లై చేసి ఉంది, మొదటిసారి కాదన్నారు. ఒకరోజు మీ చెల్లెలు వస్తుందా అని రష్యన్‌లో అడుగుతూ, వాక్యం మొదట 'రజ్వే' అనే మాట దర్జాగా తగిలించాను. అక్క ముఖం మాడిపోయింది. ఆనాటి నుంచి మూడు వారాలు, ఎదురుగా నడిచి రావడం, నా చేతిలో కొసలు పెట్టడం, నా ముఖం చూడకుండా వెనక్కి వెళ్లిపోవడం, అంతే.

కారణం తెలియక యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లి లావుపాటి వ్యాకరణం తిరగేశాను. ఊరికే తెలుసుకోవడానికైతే 'లి' అనే చిన్న ముక్క చాలట. 'రజ్వే' అన్నామంటే, అలా జరగదని మనం లోపల అనుకుంటున్నట్టు వినేవాళ్లకు తెలిసిపోతుందట. మనకు మాత్రం "వస్తుందా" అనడానికీ "వస్తుందంటావా" అనడానికీ తేడా లేదూ? నోరు జారిందని చెప్పి బయటపడదామనుకున్నాను గానీ, తిరుగు బస్సులో కూర్చున్నాక ఒప్పుకోక తప్పలేదు: ఆ వీసా రాదనే నేను నిజంగా అనుకుంటున్నాను.

మర్నాడు దుప్పటి పట్టుకునే ఆ మాట చెప్పేశాను. అక్క కొసలు వదలకుండా నిలబడి, వచ్చీరాని ఇంగ్లీషులో, నేనూ అదే అనుకుంటున్నాను, అందుకే నీ మీద అంత కోపం వచ్చింది, అంది. ఇద్దరం ఏడ్చాం. నేలమీద పడ్డ దుప్పటిని మళ్లీ ఉతుక్కి వేశాం.

ఆ చెల్లెలు చివరికి రానేలేదు. వీసా కాదన్న కబురు వచ్చిన రోజున అక్క ముందుగా చెప్పింది నాకే.

ఇప్పుడు ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్ కోసం ఎదురుచూసే మన పిల్లలు "మా ఫైలు కదలట్లేదు ఆంటీ" అంటే, అందరిలాగే నేనూ "వచ్చేస్తుందిలేమ్మా" అనేస్తున్నాను. వాళ్లూ నవ్వి థాంక్స్ ఆంటీ అని వెళ్లిపోతారు. నా మాట నేనే నమ్మట్లేదని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఎవరికీ కోపం రాదు.