దల్మా మీద పిలుపు

మా అత్త, అంటే నాన్న "అప్పా" అని పిలిచే వాళ్ళక్క, టాటానగర్ భుయ్యాడీహ్ పేటలో మా ఇంట్లో పదేళ్ళు ఉంది. ఆ పదేళ్ళలో ఉత్తరం వైపు కిటికీ ఒక్కసారి కూడా తెరవలేదు. అటు దల్మా కొండ కనిపిస్తుంది. ఆవిడ భర్త, మా మావయ్య, ఆ కొండెక్కి తిరిగి రాలేదు.

మావయ్యది ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. నాన్న టాటానగర్ లోకో షెడ్డులో ఫిట్టరు. విజయనగరం వైపు నుంచి ఇద్దరూ ఒకే రైల్లో వచ్చారు. ఒకరినొకరు "బావా" అనే పిలుచుకునేవారు. నేను బడికెళ్ళే రోజుల్లో, వానాకాలం చివర ఒక ఆదివారం, సరదాగా అడవి చూసొస్తామని ఇద్దరూ బయల్దేరారు. పైన మబ్బు కమ్మింది. సాయంత్రానికి నాన్న ఒక్కడే దిగాడు. పదకొండు రోజులు వెతికినా మావయ్య చెప్పు కూడా దొరకలేదు. ఏం జరిగిందని ఎవరడిగినా నాన్న "మబ్బులో తప్పిపోయాడు" అనేవాడు, అంతే. అత్త బొట్టు తియ్యలేదు. కర్మ చెయ్యనివ్వలేదు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చిన ఏడు, ఒకరోజు బియ్యం ఏరుతూ అత్త అంది:

"ఒలే, నన్నోసారి ఆ కొండకి తీసుకెల్తావేటి?"

"ఎందుకత్తా?"

"సూత్తాను. ఇన్నాళ్ళూ దాని మొకం సూడలేదు. కోపం మొయ్యడానికింక ఓపిక లేదు."

నాన్న రానన్నాడు. అత్త ఆయన వైపు తిరగకుండానే, "దారి నీకే తెలుసు కదరా," అంది. వెళ్ళే రోజు నాన్న మాకంటే ముందే తయారై గుమ్మంలో నిలబడ్డాడు.

అప్పటికి ఆ అడవిని జంతువుల కోసం కాపాడుతున్నారు. కింద చెక్‌పోస్టు దగ్గర పేర్లు రాయించుకుని, మాతో ఒక గార్డుని పంపారు. వానలు అప్పుడే తగ్గుముఖం పట్టాయి. ఎర్రమట్టి దారి ఇంకా మెత్తగా ఉంది. సాల చెట్లు నిటారుగా లేచి, పైన ఎక్కడో ఆకులు కలుపుకుని, ఎండని చిన్న చిన్న ముక్కలుగా కిందికి వదులుతున్నాయి. రాళ్ళ మీద నాచు, నాచు మీంచి జారే నీళ్ళు. ఒక పెద్ద ఉడుత కొమ్మ మీంచి కొమ్మకి దూకితే అత్త చిన్నపిల్లలా చెయ్యి చాపి చూపించింది. ఊట దగ్గర కూర్చుని దోసిలితో నీళ్ళు తాగింది. ఇంకా పైకి వెళ్ళాక గార్డు మమ్మల్ని ఆపాడు. అవతలి వాలులో వెదుళ్ళ మధ్య మూడు ఏనుగులు, వాటి కాళ్ళ సందున ఒక పిల్ల.

"ఓలమ్మా, ఇంత బాగుంటాదేటే!" అంది అత్త. కాసేపటికి కళ్ళు తుడుచుకుంది. "బాగుండకపోతే బాగున్ను."

శిఖరం దగ్గరికి వెళ్ళేసరికి మబ్బు వచ్చింది. కొండ అంచు మీంచి పొగలా పాకి, చూస్తుండగానే చెట్లని మింగేసింది. నాకు పక్కనున్న అత్త చెయ్యి తప్ప ఏమీ కనపడలేదు. అప్పుడు పదడుగుల దూరంలోంచి నాన్న గొంతు వినిపించింది.

"బావా!"

లోయలోంచి అదే మాట తిరిగి వచ్చింది. "బావా!"

గార్డు హిందీలో, ఇక్కడ ఎవరరిచినా అంతే, గొంతు తిరిగొస్తుందని చెప్పాడు. అత్త నా చెయ్యి వదిలి ఆ గొంతు వైపు నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను. నాన్న ఒక బండరాయిని పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ రోజూ ఇలాగే పిలిసినావా?" అడిగింది అత్త.

"పిలిసినానప్పా. ఇలాగే తిరిగొచ్చింది. నా గొంతే అనుకున్నాను. కిందికి దిగిపోయుంటాడని దిగిపోనాను."

"మల్లీ పిలు."

నాన్న పిలిచాడు. నోరు మూసేలోపే లోయ బదులిచ్చింది.

"ఆ రోజూ ఇంత బేగీ వచ్చిందా?"

నాన్న బండరాయి మీంచి చెయ్యి తీసేశాడు. ఆకుల మీంచి నీటిచుక్కలు రాలుతున్న చప్పుడు వింటూ నిలబడ్డాం.

"లేదప్పా," అన్నాడు చివరికి. "రెండోసారి ఆలీసంగా వచ్చింది. అది నా గొంతు కాదని కిందకెల్లినాక తట్టింది నాకు. అప్పటికి సీకటడిపోనాది."

అత్త ఆయన్ని కొట్టలేదు, తిట్టలేదు. అక్కడే తడినేల మీద కూలబడింది. మబ్బు విడిపోయింది. కింద సువర్ణరేఖ నది, ఊరు, ఫ్యాక్టరీ పొగ, అన్నీ కడిగినట్టు కనిపించాయి. మాలో ఎవరమూ వాటిని చూడలేకపోయాం.

వారం తర్వాత అత్త కర్మ చేయించమంది. పిల్లలు లేని మావయ్యకి నాన్న చేతే, నది ఒడ్డున. అది అయ్యాక ఒడ్డునే ఆయన పక్కన కూర్చుని, మబ్బు రాకముందు ఆ రోజు ఎలా గడిచిందో చెప్పమంది. నాన్న తలవంచుకుని ఒక్కొక్కటీ చెప్పాడు. మావయ్య దారిపొడుగునా జలగలు దూరతాయని భయపడి చెప్పులు చేత్తో పట్టుకుని గెంతుతూ నడిచాడట. కోతి ఒకటి అరటిపండు లాక్కుంటే దానితో దెబ్బలాటకి దిగాడట.

"కోతితోనా?" అని అత్త పకపకా నవ్వింది. పదేళ్ళలో ఆవిడ నవ్వు వినడం నాకదే మొదలు. నాన్న ఉలిక్కిపడి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ నవ్వు ఆపుకుని, నీళ్ళ వైపు తిరిగి, "ఊఁ, తరవాత?" అంది.