సల్వాలో ఊడవని ఇల్లు

మా రాయచోటి వైపు మనిషి ప్రయాణమై గడప దాటాక వెంటనే ఇల్లు ఊడవరు. ఊడిస్తే పోయిన మనిషి తిరిగి రాడని భయం. గంటో రెండు గంటలో ఆగితే చాలు, తర్వాత చీపురు పట్టుకోవచ్చు. చేరినట్టు ఫోను వచ్చేదాకా పట్టుకోకూడదన్నది మాత్రం నేను కువైట్‌కొచ్చాక కల్పించుకున్న నియమం. ఇళ్ళు ఊడ్చడానికే విమానమెక్కి వచ్చినదానికి ఇంతకంటే ఇబ్బంది పెట్టే నమ్మకం ఇంకోటి ఉండదు.

నేను పనిచేసిన ఇల్లు కువైట్‌లో సల్వా అనే పేటలో ఉండేది. అంత పెద్ద ఇంట్లో మామా ఒక్కతే. ఇళ్ళల్లో పనిచేసే మేమంతా యజమానురాలిని మామా అనే పిలుస్తాం. ఆమె కూతుళ్ళు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. కొడుకును మాత్రం, నేను రావడానికి ఎన్నో ఏళ్ళ ముందు, కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సైన్యం వెనక్కి పోతూ పోతూ వీధిలోంచి లారీ ఎక్కించి తీసుకుపోయింది. మళ్ళీ కబురు లేదు. మేడ మీద అతని గది అప్పటిలాగే ఉండేది. మంచం మీద చారల దుప్పటి, గోడకు ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మ. రోజూ పొద్దున మొదట ఆ గదే ఊడ్పించేది. "వాడి ఎముకలైనా దొరికితే మట్టి చేస్తాను" అనేది, టీ తాగుతూ మామూలుగా.

మా ఆయనా కువైట్‌లోనే లారీ డ్రైవరు. అమెరికా ఇరాక్ మీదికి యుద్ధానికి పోయిన ఏడాది, సైనికులకు సామాను చేరవేసే పనిలో కుదిరాడు. మొదట్లో సరిహద్దు దాటి కాస్త దూరమే. నీళ్ళ సీసాలు, గడ్డకట్టిన కోళ్ళు, ఆ ఎండలో ఐస్‌క్రీం కూడా మోశాడు. యుద్ధం గెలిచేశామని టీవీలో చెప్పారు. ఆ చెప్పిన తర్వాతే లారీలు ఎక్కువయ్యాయి, దూరాలు పెరిగాయి. ఎదురుగా నిలబడే సైన్యం లేదు. బాంబు రోడ్డు పక్కన చెత్తసంచిలోనో, చచ్చిన కుక్క కిందో ఉండేదట. అమెరికాలోనే జనం ఈ యుద్ధం వద్దని వీధుల్లో నడవడం హాల్లో టీవీ తుడుస్తూ చూశాను.

"ముందు గుడారాలు మోసినాం. ఇప్పుడు సిమెంటు గోడలు మోస్తాండాం. తిరిగి పోయేటోళ్ళు గోడలు కట్టుకుంటారా?" అన్నాడు ఆయన ఒకసారి ఫోన్లో.

"మరి నువ్వెందుకు పోతాండావు?"

"ఈ ఒక్క ట్రిప్పే. దీంతో ఖలాస్."

అమెరికా అంత పెద్ద దేశమూ అదే మాట చెప్పేది, మా ఇంటాయనా అదే చెప్పేవాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఇద్దరికీ కలిపి చెప్పాలనిపించేది. ఆయనకైతే చెప్పాను. నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

బయలుదేరుతున్నానని ఆయన ఫోన్ చేసిన రోజుల్లో, ఆయన దాటింది ఈ ఇంటి గడప కాకపోయినా, నేను నడుం నొప్పి తెచ్చుకునేదాన్ని. వంట చేసేదాన్ని, బట్టలు ఇస్త్రీ చేసేదాన్ని, చీపురు దగ్గరికి వచ్చేసరికి నడుం పట్టేసేది. కొన్నాళ్ళకు మామాకు అనుమానం వచ్చింది. ఏం దాస్తున్నావని నిలదీస్తే, నాకొచ్చిన అరకొర అరబ్బీలో ఉన్నదంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె చీపురు తీసి తలుపు వెనక పెట్టింది. తర్వాత, నీ మొగుడు చేరాకే ఊడువు, అంది.

అలాగని మేమిద్దరం ఒకే వైపు లేము. టీవీలో యుద్ధ ట్యాంకులు కనబడితే మామా ముందుకు వంగి, "ఇంకా లోపలికి పోవాలి. మావాళ్ళను ఎక్కడ పూడ్చారో అంతా తవ్వాలి" అనేది. వాళ్ళు ఎంత లోపలికి పోతే మా ఆయనా అంత లోపలికి పోవాలి. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె మీద నాకు కోపం వచ్చేది, ఆ వెంటనే జాలీ వచ్చేది. రెండూ మింగి టీ కలిపి ఇచ్చేదాన్ని.

ఒక వేసవిలో ఆయన బయలుదేరిన పొద్దున్నే దుమ్ముగాలి లేచింది. మధ్యాహ్నానికి ఆకాశం పసుపు కలిపిన పాలలా అయింది. సాయంత్రానికి రావలసిన ఫోను రాలేదు. మర్నాడూ రాలేదు. కిటికీలు ఎంత బిగించినా సన్నని ఇసుక హాల్లోకి వచ్చి తివాచీల మీద, గహ్వా కాఫీ కప్పుల మీద, టీవీ మీద పరుచుకుంది. ఫోన్ చేస్తే అరబ్బీలో ఆడగొంతు ఏదో చెప్పి పెట్టేసేది. మామా కూతురు వచ్చి ఇదేం ఇల్లని అరిస్తే మామా ఆమెనే కసిరి పంపింది. మేమిద్దరం ఆ దుమ్ములో మెల్లగా తిరిగాం. మా అడుగులు మాకే కనిపించేవి. పగటిపూట గోడకానుకుని కళ్ళు మూస్తే, హాలంతా ఎడారి అయిపోయి, ఆయన లారీ చప్పుడు లేకుండా తివాచీ మీదుగా పోతున్నట్టుండేది. చెయ్యెత్తి ఆపబోతే చెయ్యి లేచేది కాదు. ఎన్ని రోజులలా గడిచాయో ఇప్పుడు చెప్పలేను. అంత భయం నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

ఫోను ఒక మధ్యాహ్నం మోగింది. ఎవరిదో నంబరు.

"నేనే. సరిహద్దు ఇవతలికి వచ్చేసినా."

"బాగుండావా?"

"ముందు లారీ పేలిపోయింది. నాది తగలబడింది. నేను దూకేసినా. నా ముందు లారీలో వాడు బయటికి రాలేదు. ఇంగ పోను. నిజంగానే పోను."

ఈసారి నమ్మాను, ఎందుకంటే ఆయన ఏడుస్తున్నాడు. నేనూ నేల మీద కూలబడి ఏడ్చాను. మామా నా తల మీద చెయ్యి వేసి, చేరాడా అని అడిగింది. చేరాడని చెప్పాను. చేతులు చాచి దేవుణ్ణి తలుచుకుంది. "యల్లా, ఇక లే, ఊడువు" అంది.

ఆ రోజు నేను ఊడ్చినట్టు ఎవరూ ఏ ఇల్లూ ఊడ్చి ఉండరు. హాలు, వంటిల్లు, మెట్లు, ఒంట్లో ఇంత బలం ఎక్కడిదో తెలియకుండా ఊడ్చుకుంటూ మేడ ఎక్కాను. చివరికి కొడుకు గది తలుపు తీశాను. చారల దుప్పటి మీద, బొమ్మ అంచు మీద దుమ్ము పేరుకుని ఉంది. వంగబోతుంటే మామా వెనకనుంచి నా చేతిలోని చీపురు పట్టుకుంది. ఆ మోకాళ్ళతో అన్ని మెట్లూ ఎప్పుడు ఎక్కిందో చూసుకోలేదు.

"ఈ గది వద్దు" అంది. "వాడింకా చేరలేదు."