గాలిచక్రంతో మంచిర్యాల మీదుగా

కరీంనగర్‌లో తెల్లవారుజామున అయిదున్నరకు పెద్దపల్లి బస్సు ఎక్కాం. నా భార్య రాజవ్వ ఒళ్లో ఒక మూట ఉంది. దాన్ని పాత బొంతలో చుట్టి, పైన మెత్తటి చీర ముక్క కప్పింది. బస్సు గుంతలో పడినప్పుడల్లా రెండు చేతులతో పొదివి పట్టుకుంటోంది. లోపలున్నది ఒక లారీ సామాను.

నాది కరీంనగర్‌లో లేత్ దుకాణం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్లు కావస్తున్న రోజులవి. లక్షెట్టిపేట అవతల ఒక కట్ట పని నడుస్తోంది. అక్కడ మట్టి మోసే విదేశీ డీజిల్ లారీకి టర్బో ఉంది. ఇంజను వదిలే పొగతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొనన ఉన్న అల్యూమినియం చక్రం బయటి గాలిని పీల్చి ఇంజనులోకి నెడుతుంది. దాంతో లారీకి బలం వస్తుంది. ఈ గాలిచక్రం రెక్క విరిగింది. అసలు కంపెనీది దొరక్క, బొంబాయి నుంచి ఇంకెవరో పోతపోసినది తెప్పించి బిగించారు. అది నక్కల మందలా ఊళ పెట్టి, రెండు రోజుల్లో బేరింగును అరగదీసింది.

లారీ డ్రైవర్ పోశం ఆ బొంబాయి చక్రాన్ని, అరిగిన బేరింగును నా దుకాణంలో పెట్టాడు. "మిస్త్రీ, ఎల్లుండి పొద్దుగూకే లోపల పట్కరా. వానొస్తే కట్ట మొత్తం కొట్కపోతది" అని చెప్పి వెళ్లాడు. నేను బేరింగు కొత్తది చేశాను. చక్రం లావుగా కనిపించిన చోటల్లా ఆకురాయితో రాసి, బరువు సరిచేశానని మురిసిపోయాను. రెక్కలు పూరేకుల్లా పలచన. గట్టిగా దేనికైనా తగిలితే వంగిపోతాయి. అందుకే ఒళ్లో పెట్టుకునే మనిషి కావాలన్నాను. పెళ్లయిన నాటి నుంచి రైలెక్కించమని అడుగుతున్న రాజవ్వ ఆ మాట పూర్తికాకముందే చీర మార్చుకొచ్చింది.

పెద్దపల్లిలో ఏడుంబావుకు దిగాం. ఆ దారిన పోయేవాళ్లు స్టేషన్లోనే మంచినీళ్లు నింపుకోవడం మంచిది, మళ్లీ చల్లటి నీళ్లు దొరికేది మంచిర్యాలలోనే. రైలు ఎనిమిది దాటాక వచ్చింది. రాజవ్వ కిటికీ పక్కన కూర్చుని, రైలు కదలగానే "నడుస్తున్నది! ఏమయ్య, నడుస్తున్నది!" అని నా మోచేయి గిల్లింది.

ఎదురుగా చొప్పదండి ముసలావిడ. నస్పూర్‌లో బొగ్గుబాయి పని చేసే కొడుకు దగ్గరికి పోతోంది. చాలాసేపు మూట వంకే చూసి అడిగింది.

"ఎన్నో నెల బిడ్డా? అలికిడి లేకుంట పండుకున్నది."

రాజవ్వ నవ్వు ఆపుకుంటూ, "నిన్ననే తయారైంది అవ్వా" అంది.

"నిన్ననేనా! పచ్చి బాలింతవు, రైలెందుకు ఎక్కినవే? ఏదీ, జర మొకం చూపియ్యి."

రాజవ్వ చీర ముక్క తీసింది. వెండిలా తళతళలాడే చక్రం బయటపడింది. "ఓ నా తల్లీ!" అని ముసలావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. పెట్టె పెట్టంతా నవ్వింది. అందరికంటే ఎక్కువగా ఆవిడే నవ్వి, చక్రాన్ని ముట్టుకుని చూసింది.

మూలనున్న నల్లటోపీ పెద్దమనిషి మాత్రం నవ్వలేదు. ఆయన పేరు విఠల్‌రావు. ఆసిఫాబాద్ దిక్కువాడు, మంచిర్యాలలో గడియారాలు బాగుచేస్తాడు. అడిగి చక్రం తీసుకున్నాడు. నా సంచిలోని నున్నటి ఇనుప కడ్డీని దాని నడిమి బెజ్జంలో దూర్చి, రెండు చివరలూ చూపుడువేళ్ల మీద ఆనించాడు. చక్రం మెల్లగా తిరిగి ఆగింది. మళ్లీ తిప్పి పెట్టాడు. మళ్లీ అదే రెక్క కిందికి వచ్చింది.

"అరే బాబా, గిది ఒక దిక్కు బరువున్నది."

"నేనే సరిచేసిన, రావు సాబ్" అన్నాను.

"సరిచేసినవో, చెడగొట్టినవో! గడియారంల ఇంత చిన్న చక్రం ఉంటది. ఎంట్రుకంత బరువు తేడా ఉంటే టైము తప్పుతది. మరి ఇదెంత జోరుగ తిరుగుతది?"

"నిమిషానికి వేల సుట్లు."

"దేవా! గీ లెక్కన తిరిగి పగిలితే, పక్కనున్నోని తలకాయ మిగులుతదా?"

పక్కనుండేది పోశం. నా చేతులతో బాగుచేశాననుకుని నేను మోసుకుపోతున్నది ఏమిటో అప్పుడు అర్థమైంది. రైలు గోదావరి వంతెన మీదికి వచ్చింది. రాజవ్వ లేచి నిలబడి ఆ నీళ్లను చూసి కేరింతలు కొట్టింది. నేను చక్రం వంకే చూస్తున్నాను.

మంచిర్యాలలో దిగేసరికి తొమ్మిదీ నలభై. పది గంటలకు లక్షెట్టిపేట బస్సు ఉంది. దాటితే మళ్లీ రెండింటికే. "పోనియ్యి, పోశం ఒక పూట తిట్టుకుంటడు. సరిచేసినంకనే పోదాం" అంది రాజవ్వ.

విఠల్‌రావు మమ్మల్ని తన దుకాణానికి తీసుకెళ్లాడు. ఆయన దగ్గర గడియారపు చక్రాల తూకం చూసే పనిముట్టు ఉంది కానీ అది బొటనవేలంత. మా చక్రం అరచేయంత. నున్నగా, తిన్నగా ఉన్న రెండు ఉక్కు పట్టీలు కావాలన్నాడు. చుట్టూ చూస్తున్న రాజవ్వ, పక్కనే ఉన్న సెలూన్ వైపు వేలు చూపింది.

"గడ్డం కత్తులు తిన్నగనే ఉంటయి గద?"

విఠల్‌రావు ఆమె వంక చూసి, సెలూన్లోకి వెళ్లాడు. రెండు కత్తులతో తిరిగొచ్చాడు. ఆయన వెనకాలే సగం గడ్డం గీసిన మనిషొకడు చెంప నిండా సబ్బు నురుగుతో వచ్చాడు. "నా గడ్డం సగంల వడ్డది, కత్తులేడికి పోతున్నయో చూద్దామని" అన్నాడు.

విఠల్‌రావు ఆ కత్తులను పదును కిందికి, వెన్ను పైకి వచ్చేలా రెండు చెక్కముక్కల్లో బిగించాడు. ఇనుప కడ్డీని వాటి మీద అడ్డంగా పెట్టి, అది ఎటూ దొర్లకుండా నిలిచేవరకు కింద కాగితం ముక్కలు దోపాడు. ఇక కడ్డీతో సహా చక్రాన్ని పట్టీల మీద పెట్టాం. బరువు దిక్కు కిందికి వాలింది. అక్కడ రాజవ్వ కుంకుమ బొట్టు పెట్టింది. నేను ఆ చోట వెనకవైపు ఆకురాయితో గోరంత రాశాను. మళ్లీ పెట్టాం. మళ్లీ వాలింది. మళ్లీ రాశాను. ఇలా ఎన్నిసార్లో! ఒకసారి ఎక్కువ రాసి, ఎదుటి దిక్కు రాయాల్సి వచ్చింది. పన్నెండున్నరకు చక్రాన్ని ఎలా పెడితే అలాగే ఆగింది. పావు చుట్టు తిప్పితే అక్కడే ఆగింది. అర చుట్టు తిప్పితే అక్కడే.

"బరాబర్!" అని విఠల్‌రావు తొడ చరిచాడు. సబ్బు చెంపాయన చప్పట్లు కొట్టాడు. చెంప మీది నురుగు ఎప్పుడో ఎండిపోయింది.

మేము జొన్నరొట్టెలు తిని రెండింటి బస్సుకు లేస్తుంటే విఠల్‌రావు దుకాణానికి తాళం వేశాడు. "నేను గూడ వస్త. ఎట్ల మోగుతదో ఇనొద్దా?" అన్నాడు.

లక్షెట్టిపేట నుంచి కట్ట పని దగ్గరికి వెదురు మోసే లారీలో వెళ్లాం. నాలుగున్నర అయింది. ఆకాశం మూల నల్లబడుతోంది. పోశం ముఖం అంతకంటే నల్లగా ఉంది. బిగించడానికి గంటన్నర పట్టింది. ఇంజను స్టార్టు చేసే ముందు నేను అందరినీ దూరం జరగమని చెప్పి, పోశం కూర్చునే చోట నేనే కూర్చున్నాను. దగ్గు, పొగ, మళ్లీ దగ్గు. వేగం పెంచాను. ఊళ రాలేదు. సన్నగా, పిల్లనగ్రోవి ఊదినట్టు ఈల మొదలైంది. విఠల్‌రావు వద్దన్నా వినకుండా దగ్గరికి వచ్చి, ఇనుప కడ్డీ ఒక చివర టర్బోకు, ఇంకో చివర చెవికి ఆనించుకుని కళ్లు మూశాడు. తర్వాత ఒక్కసారిగా నవ్వాడు.

పోశం నన్ను పక్కకు నెట్టి స్టీరింగు అందుకున్నాడు. మట్టి నింపిన లారీలో నలుగురం ఇరుక్కున్నాం. మొన్నటిదాకా మూలుగుతూ ఎక్కిన ఏటవాలు మీదికి అది గిత్తలా ఉరికింది. "చూస్తున్నవా మిస్త్రీ! చూస్తున్నవా!" అని పోశం అరుస్తున్నాడు. రాజవ్వ చేయి చాచి హారను నొక్కింది. మళ్లీ నొక్కింది. కట్ట మీది కూలీలు తట్టలు దించి చేతులు ఊపారు. వాన మూడో రోజు వచ్చిందనీ, అప్పటికి కట్ట లేచిందనీ, నిలిచిందనీ తర్వాత పోశమే చెప్పాడు.

మరునాడు తిరుగు ప్రయాణం. మంచిర్యాలలో విఠల్‌రావు దగ్గర సెలవు తీసుకుని పదకొండు గంటల రైలెక్కాం. చక్రాల బరువు సరిచూసేందుకు పెద్ద పెద్ద యంత్రాలున్నాయని చాలా ఏళ్లకు తెలిసి, వాటిని చూశాను. వాటి ముందు నిలబడినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. రెండు కత్తుల మీద చక్రం కదలకుండా నిలిచిన ఆ క్షణాన కలిగినంత సంతోషం మళ్లీ ఏ యంత్రం దగ్గరా కలగలేదు. ఆ దారిలో తెలియని మనుషులు మా పనిని తమ పనిగా చేసుకున్నారు. నా ప్రయాణాలన్నిటిలో దీన్ని మించింది లేదు.

రైలు పెద్దపల్లిలో ఆగింది. నేను సంచి అందుకున్నాను. రాజవ్వ కిటికీ దగ్గర నుంచి కదలలేదు.

"పని లేకుంటె రైలెక్కొద్దా ఏమయ్య?" అని అడిగింది.

లేత్ దుకాణం రెండు రోజులుగా మూసి ఉంది. గార్డు ఈల వేశాడు. రైలు కదిలింది. నేను సంచి మళ్లీ పైన పెట్టాను.

కాసేపటికి టికెట్ కలెక్టర్ వచ్చాడు. మా టికెట్లు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పెద్దపల్లి ఎన్కకు పోయింది గద, నిద్రవోయిండ్రా?"

"లేదు సారూ, మెలకువతోనే ఉన్నం" అంది రాజవ్వ.

"మరి ఏడిదాంక?"

రాజవ్వ నా వంక చూసింది. నేను కాజీపేటకు రెండు టికెట్లు అడిగాను. అక్కడ మాకు ఏ పనీ లేదు.