అప్ప గుమ్మానికి కట్టిన కన్ను

శ్రీకాకుళంలో నేను పనిచేసే గదికి కిటికీ ఉంది గానీ, దానికి నల్ల కాగితం అంటించేశాం. వెలుతురు తగిలితే స్పందించే పల్చటి ప్లాస్టిక్ పొరలు తయారుచేస్తాను మరి. మన కంటి వెనక పొరలో, వెలుతురు పడగానే ఆకారం మార్చుకునే అణువులు ఉంటాయి. ఆ పద్ధతినే పాలిమర్‌లోకి దించి, వెలుతురుని కరెంటుగా మార్చాలని మా తంటాలు. రోజంతా ఆ చీకట్లో ఒక్కదాన్నే. భోజనాల వేళ బయటికొచ్చి ఎవరితోనైనా మాట్లాడబోతే గొంతు పెగలదు. ముందు ఒకసారి దగ్గుకోవాలి.

సముద్రం ఒడ్డున మా ఊళ్లో మా అప్పది, అంటే మేనత్తది, ఇంకో చీకటి. అమ్మ పోయాక నెత్తిన చేపల గంప పెట్టుకుని తిరిగి నన్ను పెంచింది ఆవిడే. నీటికాసుల జబ్బుతో రెండు కళ్లూ పోయాయి. నా పని గురించి విని, "అయితే కళ్లు సేస్తన్నావేటే?" అంది. కాదని చెప్పడానికి నాకు ఆదివారమంతా పట్టింది.

"పోనీ, గుమ్మంలోకి ఎవులైనా వస్తే తెలుస్తాదేటి? ఈ సందులో మనిసి అలికిడే నేకుండా పోయినాది," అంది.

అది మాత్రం నా చేతిలో పనే. గోరంత పొర ముక్కకి చిన్న స్పీకర్ తగిలించి గుమ్మానికి కట్టాను. వెలుతురు పడుతున్నంతసేపూ సన్నగా మోగుతుంది. మనిషి నీడ పడితే గొంతు తగ్గిస్తుంది. అప్ప చెయ్యి అడ్డం పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, చిన్నపిల్లలా నవ్వింది. ఆ రోజు నాకు ఎంత గర్వమో.

మరుసటి ఆదివారం వెళ్లేసరికి ఆవిడ ముఖం వాడిపోయి ఉంది. "ఇది ఊరికే గొంతు తగ్గిస్తన్నాదే. ఎవులని అడిగితే పలికినోలు నేరు."

ఉప్పుగాలికి పొర చెడిందనుకున్నాను. వైర్లు విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, గుమ్మం పక్కనే కూర్చున్నాను. మోత తగ్గింది. తలెత్తి చూస్తే, మాకు వరసకు మావ అయ్యే ఆయన. భుజాన వల, చేతిలో చెప్పులు, మునివేళ్ల మీద నడక. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. ఆయన వెనక మరో ఇద్దరు, అలాగే.

వేటకెళ్లే మనిషిని ఎక్కడికని అడగకూడదు మా వాళ్లలో. అడిగితే అపశకునం; ఇంటికి తిరిగొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. కళ్లున్నప్పుడు అప్ప భుజాన వల చూసి నోరు మెదిపేది కాదు. ఇప్పుడు అడుగు చప్పుడైతే చాలు, "ఎవులది? ఎక్కడికి?" అంటుంది. పలకరింపుకి మొహం వాచిపోయి అడుగుతుంది. అందుకని సందు సందంతా చెప్పులు చేత పట్టుకుంది! నాకు ఒళ్లు మండిపోయింది. మావని ఆపి కడిగేద్దామనుకున్నాను. కానీ నేను నోరెత్తితే సంగతి అప్పకి తెలిసిపోతుంది.

"పాడైపోనాదప్పా," అన్నాను. "పట్టుకెళ్లి బాగుసేసి తెస్తాను."

"పాడవనేదు. ఇప్పుడే మావ సుట్ట వాసనేసినాది."

గుమ్మం తడుముకుని, ఆవిడే దాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టింది.

"తీసుకుపోవే. ఇన్నాళ్లూ ఈ సందులోకి ఎవులూ రారనుకునీదాన్ని. అదే బాగుండీది."