ఖాళీ కాగితాల బరువు

“...పొగే లేని బండికి పొగ కొలిచేదేంది తల్లీ? రోడ్డు మీద అన్ని లారీలు నల్లగా కక్కుకుంటా పోతా ఉండాయి, వాటిని పట్టుకోరాదా?”

“వాటినీ కొలుస్తానన్నా. నీ కారుకు కంటికి కనపడదు, అంతే. ఇరవై నిమిషాలు ఇంజను ఆపకుండా ఉంచు, చాలు.”

“ఇరవై నిమిషాలు ఊరికే పెట్రోలు కాలిస్తే ఆఫీసులో నన్ను పట్టుకుంటారు.”

మూసిన కిటికీ అవతల మాటలు విని దామోదరం నవ్వుకున్నాడు. యూనివర్సిటీ ఆఫీసు కారు నడిపే మునిరామయ్య ప్రతి శుక్రవారం ఇదే గొడవ పెట్టుకుంటాడు, ఆ తరువాత ఇంజను స్టార్టు చేసి తానే గొట్టం పట్టుకుని నిలబడతాడు. ఎంత గింజుకున్నా, ఆ పిల్ల మాట కాదనలేడు.

పిల్ల పేరు మహిత. మదనపల్లె నుంచి వచ్చి తిరుపతిలో పరిశోధన చేస్తోంది. మంగళవారం డీజిల్ వ్యాన్లు, శుక్రవారం పెట్రోలు కార్లు. బండి పొగగొట్టానికి ఒక ట్యూబు తగిలిస్తే, చిన్న పంపు పొగను లాగి గుండ్రటి తెల్లకాగితం గుండా పోనిస్తుంది. పొగలోని మసి కాగితం మీద నిలిచిపోతుంది. ముందు తూచిన బరువు, తరువాత తూచిన బరువు, ఈ రెండింటి తేడాయే ఆ బండి వదిలిన మసి. డీజిల్ కాగితం పెనం అడుగులా నల్లబడుతుంది. పెట్రోలు కాగితం లేత బూడిదరంగుకు తిరుగుతుంది, అది కూడా వెలుతురులో పట్టి చూస్తేనే.

ఆ కాగితాలు తూచేది దామోదరం. చంద్రగిరి దగ్గర పల్లె అతనిది, చదువు అయిదో తరగతి. సీసాలు కడగడానికి ఇరవై ఏడో ఏట ఈ భవనంలో అడుగుపెట్టాడు. అప్పటి ప్రొఫెసరు ఒకరోజు గాజు పెట్టెలో ఉన్న తక్కెడ చూపించి, నీ తలవెంట్రుక ఒకటి పీకి పళ్లెంలో వెయ్యి అన్నాడు. వేశాడు. ముల్లు కదిలింది. ఒక్క వెంట్రుకకు కదిలే తక్కెడను చూసి దామోదరం ఇంకో వెంట్రుక పీకి వేసి చూశాడు.

ఆ రోజు నుంచి పనిరోజుల్లో తలకు నూనె మానేశాడు. నామం రేణువు రాలి పడుతుందేమోనని నుదురు ఖాళీగా ఉంచుకున్నాడు. కాగితాన్ని చేత్తో తాకడు, చిన్న పట్టకారుతోనే ఎత్తుతాడు. మూడుసార్లు తూచి, మూడూ కలిస్తేనే పుస్తకంలో రాస్తాడు.

“తక్కెడ కోసం దేవుడి బొట్టు మానుకున్న మనిషిని నిన్నే సూసినా,” అని భార్య పంకజాక్షి ఎత్తిపొడిచేది. మానుకున్న బొట్టుకు బదులుగానే కావచ్చు, శుక్రవారం సాంబ్రాణి ఆమే దంచి పొట్లం కట్టిచ్చేది. శుక్రవారం పొద్దున కొత్త కాగితాలు తూచి, స్టీలు పళ్లెంలో వరసగా పేర్చి, పని అయిందనుకున్నాక దామోదరం మట్టి ధూపదానిలో నిప్పు వేసి తక్కెడకు పొగ చూపించేవాడు. ముప్పై మూడేళ్లుగా అన్నం పెడుతున్నది అదే. గాలి తగలకూడదని ఆ గది తలుపులు, కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి.

సోమవారం మధ్యాహ్నం మహిత ప్రొఫెసరు గదిలోంచి వచ్చి స్టూలు మీద కూర్చుంది. చేతిలో రెండు కవర్లు.

“ఏంది పాపా, మొగం అట్ల పెట్టినావు?”

“ప్రతి పళ్లెంలో ఒక ఖాళీ కాగితం పెట్టేదాన్ని గదా మామా, ఏ బండికీ తగిలించకుండా. అన్నీ దాచి, మొన్న నువ్వు లేనప్పుడు ఒకేసారి తూచినాను. మంగళవారం కాగితాలు బరువు మారలేదు. శుక్రవారంవి అన్నీ పెరిగినాయి.” ఆమె కవర్లు రెండూ బల్ల మీద పెట్టింది. “నేను చేత్తో తాకింటానంట. చెమట అంట. ఈ ఏడాది పెట్రోలు లెక్కలన్నీ పనికిరావన్నాడు సారు. నా మీద నాకే అనుమానంగా ఉండాది.”

“నువ్వు తాకవు. నేర్పించింది నేనే గదా.”

దామోదరం శుక్రవారం కవరు తెరిచి, పట్టకారుతో ఒక కాగితం ఎత్తాడు. వెలుతురులో పట్టి చూశాడు, మరక లేదు. ఇంకాస్త దగ్గరికి తెచ్చుకున్నాడు. వాసన తగిలింది. పంకజాక్షి దేవుడి గూటి ముందు వచ్చే వాసన.

కాగితాన్ని కవరులో పెట్టడానికి అతనికి చాలాసేపు పట్టింది.

“పాపా,” అన్నాడు, “ఇది సాంబ్రాణి.”

మహిత తలతిప్పి బీరువా మీదున్న మట్టి ధూపదానిని చూసింది.

“తూకం అయిపోయింది గదా, తక్కెడకు ఏమీ కాదులే అనుకున్నా. పక్కన పళ్లెం తెరిచి ఉండాదనే తోచలేదు.”

“ఎన్ని శుక్రవారాలు మామా?”

“అన్నీ.”

ఆమె కళ్లు మూసుకుంది. తెరిచాక గొంతు తగ్గించి, “సారుకు చెప్పొద్దు,” అంది. “రిటైరయ్యే ముందు నీకు మాట రానీను. గదిలో దుమ్ము అని రాసుకుంటాను.”

“ఆ పెరిగిన బరువు తీసేసి లెక్క కట్టుకుంటే సరిపోదా?”

“ఒక్కో కాగితం మీద ఒక్కో మాదిరి పడింటాది. ఎంత తీసెయ్యాలో ఎట్ల తెలుస్తాది?”

దామోదరం లేచి చొక్కా సర్దుకున్నాడు. మెట్లు ఎక్కి ప్రొఫెసరు గదికి వెళ్లాడు. మహిత కింద కూర్చుని వింది. పై నుంచి అరుపులేవీ రాలేదు. పావుగంటకు దిగివచ్చాడు.

“ఏమన్నాడు?”

“నిన్ను పొరపాటున అనినానని చెప్పమన్నాడు. పెట్రోలు కార్లు మళ్లీ మొదటి నుంచి కొలవాలన్నాడు.”

“అయిదు నెలలు పడతాది మామా. కొత్తగా వచ్చే మనిషికి పట్టకారు పట్టుకునేది నేర్పించేలోపే సగం పోతాది.”

దామోదరం ధూపదానిని కిందికి దించి, చల్లారిన బూడిద బయట చెట్టు మొదట్లో పోసివచ్చాడు. ధూపదానిని పాత పేపరులో చుట్టి భోజనం సంచిలో పెట్టుకున్నాడు. ఆ తరువాత గోడ మీది 1994 క్యాలెండరు దగ్గరికి వెళ్లి జూన్ కాగితం ఎత్తి, వెనక పేజీ చూశాడు.

“ముప్పయ్యో తేదీ నా సర్వీసు అయిపోతాది,” అన్నాడు. “జులై ఒకటి శుక్రవారం పడింది. తొమ్మిదికంతా వస్తాను. కాగితాలు నేనే తూస్తాను. మునిరామయ్యకు కారు కావాలని చెప్పిపెట్టు.”