నేను కట్టిన కట్టు

వార్డులో మునియప్ప కుడి చేతి మధ్యవేలిని నేను మెల్లగా చాపగానే దుప్పటి కింద అతని కాలివేళ్ళు ముడుచుకున్నాయి. “ఏం లేదు మా, బాగుండాది,” అన్నాడు నవ్వుతూ. నాకు భయం పుట్టింది అప్పుడే.

తమిళనాడు ధర్మపురిలో ఒక ఎముకల ఆసుపత్రిలో థియేటర్ నర్సుగా నాకది ఆరో ఏడు. పిల్లల కోసం ఉద్యోగం మానేయడానికి ముందు సంగతి. మునియప్ప ఆ దగ్గరే ఉన్న ఇండూరు నుంచి వచ్చిన తెలుగు తాపీ మేస్త్రీ. పరంజా మీద నుంచి పడి విరిగిన కుడి మణికట్టు అతుక్కుంది కానీ బిగుసుకుపోయింది. తాపీ తిప్పలేడు. ఇల్లు గడిచేది ఆ చేతి మీదే.

ఆ ఉదయమే కీహోల్ ఆపరేషన్ జరిగింది. చేతిని మాత్రం మొద్దుబార్చి, వేళ్ళకు వల తొడుగులు వేసి పైకి వేలాడదీస్తే కీలు మధ్య కాస్త ఎడం వస్తుంది. మణికట్టు వెనక రెండు మూడు చిన్న రంధ్రాలు చేసి, ఒకదాంట్లోంచి పెన్ను రీఫిల్ అంత కెమెరా, మరోదాంట్లోంచి పనిముట్టు పోనిచ్చి, సెలైన్ పారిస్తూ లోపల అతుక్కున్న పొరలను తొలగిస్తారు. బల్ల మీదే మణికట్టు చక్కగా వంగింది. మర్నాటి నుంచే దాన్ని కదిలించాలి, లేకపోతే మళ్ళీ బిగుస్తుంది. చివర్లో కట్టు కట్టింది నేను. సెలైన్ కండల్లోకి దిగి చెయ్యి వాస్తుందని తెలిసి కూడా బిగువుగా కట్టాను.

మత్తు దిగినా వేలు చాపితే అంత నొప్పి ఉండకూడదు. లోపల ఒత్తిడి పెరిగిందంటే కొన్ని గంటల్లో కండ చచ్చిపోతుంది. రౌండ్సులో డాక్టరు తమిళంలో అడిగినప్పుడూ అతను “ఒన్నుమిల్ల సార్” అని, ఏం లేదనే చెప్పాడు.

“నిజం చెప్పన్నా. పదికి ఎంత నొప్పి?”

“మూడు... కాదు, రెండు వేసుకో మా.”

అతని భార్య లక్ష్మి ఊరుకోలేదు. “రెండా! ఇంతసేపూ నా చెయ్యి నలిపేసినావే! మన తెలుగు బిడ్డ కట్టింది, చెప్తే డాక్టరు ఆ పాపను తిడతాడని నోరు మూసుకోనుండాడు మా ఈయన!”

“నీ నోరు మూతబడదా మే?” అన్నాడు మునియప్ప.

ఆపరేషన్ కట్టును డాక్టరు చెప్పకుండా విప్పే అధికారం నర్సుకు లేదు. థియేటర్‌లో ఉన్న డాక్టరుకు ఫోన్ చేసి, వేలు చాపితే నొప్పి, ముంజేయి గట్టిగా ఉంది, కట్టు నాదే అని చెప్పాను. చర్మం కనిపించేదాకా కట్టును కత్తిరించమన్నారు. దూదితో సహా కత్తిరించి, చేతిని గుండె ఎత్తున ఉంచాను. డాక్టరు వచ్చి ముంజేతిని నొక్కి చూస్తూ పక్కనే నిలబడ్డారు. లోపలి ఒత్తిడి తగ్గకపోతే మళ్ళీ ఆపరేషన్ చేసి ముంజేతిని కోయాలి. అరగంటకు మునియప్ప తనంతట తానే వేళ్ళు చాపాడు. మణికట్టు వ్యాయామం మర్నాడు అనుకున్న వేళకే మొదలైంది. కేసు షీటులో తప్పు నాదని రాసి సంతకం పెట్టాను.

ఆ తర్వాత నేను కట్టిన కట్టు ఎలా ఉందని రోగిని నేనే అడగడం మానేశాను. ఆ ప్రశ్న మరో నర్సుతో అడిగించేదాన్ని. తెలిసినవాళ్ళని మొహమాటపడే మనిషి నొప్పిని కూడా దాస్తాడు.

ఆ ఆపరేషన్ మర్నాడు ఉదయం ఇంట్లో, బడికి బయలుదేరిన మా పాపకు బూటు లేసు కడుతూ, పక్కన ఉన్న తమ్ముడు కూడా వినేట్టు చెప్పాను: “బిగువుగా ఉంటే చెప్పాల. అమ్మ కట్టింది కదా అని ఊరకుండేది లేదు.”