గౌరీశంకర్ సౌండ్ కార్డు

"పోనాది. మొత్తం పోనాది."

రికార్డింగు పాడైపోయిందని గౌరీశంకర్ నోట ఎప్పుడూ ఇదే మాట. పాట ఎవరు పాడినా, ఎంత బాగా పాడినా, హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి, తల పట్టుకుని ఆ మాట అనకుండా ఉన్న రోజు నేను చూడలేదు.

ఒరిస్సాలోని రాయగడలో అతనిది చింతపండు హోల్‌సేల్ వ్యాపారం. 2003లో కొట్టు వెనక గదిలో కంప్యూటర్ పెట్టాడు. దానికి మంచి సౌండ్ కార్డు వేయించి, విశాఖపట్నం నుంచి మైకు, చిన్న సౌండ్ మిక్సర్ తెచ్చి, బయటి చప్పుడు రాకుండా గోడలనిండా గోనెసంచులు కొట్టించాడు. అరగంట పాడిన మనిషి పులుపు వాసనతో ఇంటికి వెళ్లేవాడు. ఎవరొచ్చినా కాదనకుండా పాట రికార్డు చేసి సీడీ ఇచ్చేవాడు.

ఆ సీడీ చేతికి రావడమే గగనం. "ఏటైనాది?" అని అడిగితే స్టేషన్లో ఇంజను కూత పడిందనేవాడు. ఆ వేళకి బండి లేదు కదా అంటే, మిక్సర్ గుయ్యిమంటోందనేవాడు. అతని భార్య హేమమాలిని కుక్కర్ అటకెక్కించి అన్నం గంజి వార్చి వండుతోంది. "ఎవుల పాట పాడైపోనా నా కుక్కరే దొరుకుతాది మేస్టారూ" అని నా దగ్గర మొరపెట్టుకుంది. మా బడి పిల్లల ప్రార్థన గీతం తొమ్మిదిసార్లు పాడించాడు. తొమ్మిదోసారి నేరం ఫ్యాను మీదకు తోశాడు. ఆ గదిలో ఫ్యానే లేదు.

2005 వానాకాలంలో కృష్ణవేణమ్మ వచ్చింది. మా వీధిలో శుక్రవారం భజన ఆవిడ ఎత్తుకుంటేనే మొదలయ్యేది. ఆవిడ గొంతులో గడ్డ లేచింది. పది రోజుల్లో విశాఖపట్నంలో ఆపరేషన్. గొంతు మిగులుతుందని డాక్టర్ మాట ఇవ్వలేదు.

"ఒక్క పాట సీడీలో పట్టీ బావూ. తర్వాత నా గొంతు ఉంటాదో, ఉండదో," అంది.

మొదటి లైను బాగానే వచ్చింది. రెండో లైనులో గొంతు చీలిపోయింది. ఆవిడ మొహం నల్లబడింది. గౌరీశంకర్ తల పట్టుకున్నాడు.

"పోనాది పిన్నమ్మా, మొత్తం పోనాది. నువ్వు బాగానే పాడేవు. సౌండ్ కార్డు దెబ్బ కొట్టింది. ఏడినీళ్లు తాగి కూకో. కార్డు సల్లబడాల."

"నీ కార్డు కాలిపోనూ," అని ఆవిడ నీళ్లు తాగింది.

అలా ఆరు రోజులు. ఆవిడ రోజురోజుకీ చిక్కిపోతోంది. ఇతను రోజూ కార్డుని తిడుతున్నాడు. ఆరో రోజు ఆవిడ వెళ్లాక నాకు ఒళ్లు మండింది.

"నీకు చేతకాకపోతే చెప్పు. దామంజోడి టౌన్లో రికార్డు చేసేవాళ్లని ఇంకెవరినైనా చూస్తాను. ఆవిడకి రోజుల్లేవు."

అతను నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఆవిడ పాడినదేదీ చెరపలేదు. ఒక రోజు పల్లవి, ఇంకో రోజు సగం చరణం, మంచి ముక్కలన్నీ కత్తిరించి ఒకదానికొకటి అతికించాడు. వినిపించాడు. ఎక్కడా చీలని గొంతు.

"మరి కార్డు?"

"కార్డుకేటి, రాయినాగుంది. గొంతు పోనాదంటే పిన్నమ్మ రేపు వస్తాదా మేస్టారూ? మిసను పోనాదంటే నన్ను తిట్టుకుంటానైనా వస్తాది."

మా పిల్లల తొమ్మిది సార్లూ నాకు గుర్తొచ్చాయి.

ఒక్క ఆఖరి లైను మిగిలింది. ప్రయాణం ముందురోజు దాకా అది కుదరలేదు. పదకొండోసారి పాడి ఆవిడ మైకు ముందే కూలబడిపోయింది. "పోతే పోనీ నాయనా. నా వల్ల కాదింక," అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ రాత్రంతా కూర్చుని గౌరీశంకర్ ఆ పదకొండు సార్లలోంచి మాటా మాటా ఏరి ఆఖరి లైను అతికించాడు. పొద్దున్న స్టేషన్లో, బండి ఎక్కిన ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలోని చిన్న ప్లేయర్లో సీడీ పెట్టాడు. పాట అయిపోయేదాకా ఆవిడ రెప్ప వేయలేదు. బండి కదులుతుంటే కిటికీలోంచి అతని గడ్డం పుణికింది.

ప్రాణం దక్కింది. గొంతు మాత్రం గుసగుసగా మిగిలింది. శుక్రవారం భజన ఆ సీడీతో మొదలవుతోంది. ఆవిడ పక్కన కూర్చుని తాళం వేస్తోంది.

మూడు నెలలకి ఆవిడ భజనకి వచ్చే గున్నమ్మనీ, కమలాంబనీ వెంటబెట్టుకుని కొట్టు వెనక గదికి వచ్చింది. ఇద్దరికీ శ్రుతి అంటే ఏమిటో తెలియదు.

"వీలవీ పట్టీ బావూ. నీ కార్డు సల్లగుంది కదా?" అని గుసగుసగా చెప్పింది.

గున్నమ్మ గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. గౌరీశంకర్ బిక్కమొహం వేసి నావైపు చూశాడు. కృష్ణవేణమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.